చెయ్యి లోపలుండాది

మా ఆఫీసుకు ఒకప్పుడు పెద్దగా ఉన్న ఆయన పోయాడని ఫోన్ చేసి చెప్పింది మస్తానయ్య, మా కంపెనీలో పాత మెకానిక్. చెప్పడం కూడా తిట్టుకుంటూనే చెప్పాడు.

"పోయినాడు మే. ఆ మొండినాయాలు పోయినాడు."

తిట్టు వెనకాల ఏడుపు వినబడుతూనే ఉంది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఏమిటంటే, "ఎవర్ని కొడుతూ?" నవ్వకండి. ఆయన మంచాన పడి పోతాడని గానీ, నిద్రలో పోతాడని గానీ ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ అనుకోరు.

"ఎవుర్నీ కొట్టలా. మోటారు దగ్గిర పోయినాడు. బిన్నా రా ఉదయగిరికి, ఆలస్యం చెయ్యబాక," అని పెట్టేశాడు.

ఆత్మకూరులో బస్సెక్కి కూర్చుంటే ఆయన ముఖం కంటే ముందు ఆయన గరిటె గుర్తొచ్చింది. ఉదయగిరిలో చెక్కతో చేస్తారే, ఆ గరిటె. మూరెడు కాడ. లోకమంతా దాన్ని పులుసు కలపడానికి కొంటుంది, ఈయన ఆఫీసు టేబుల్ మీద పెట్టుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాంతో ఒక్కటి వేస్తే టీ గ్లాసులు ఎగిరేవి. టేబుల్‌తో ఆగితే బాగుండును. బోర్డు మీద, బీరువా మీద, ఒక్కోసారి మనుషుల వీపు మీద కూడా పడేది. విరిగితే ఊరికి పోయినప్పుడు ఇంకోటి తెచ్చుకునేవాడు.

మా ఆఫీసు బస్టాండు రోడ్డులో ఎరువుల కొట్టు పైన. సాఫ్ట్‌వేర్ ఆఫీసు అనగానే అద్దాల మేడలు ఊహించుకోకండి, మెట్లెక్కుతుంటేనే యూరియా వాసన. పొలంలో మోటారుకు మేమొక పెట్టె బిగిస్తాం. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కితే మోటారు తిరుగుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఏదైనా చెడితే రైతు ఫిర్యాదు చేస్తాడు, మా కంప్యూటర్లో దానికొక టికెట్ పుడుతుంది, మెకానిక్ పోయి బాగుచేస్తాడు. టికెట్ తెరిచి ఉన్నంతసేపూ ఆ మోటారుకు మా దగ్గర తాళం పడి ఉంటుంది. ఎవరెన్నిసార్లు నొక్కినా తిరగదు. ఎందుకంటే అక్కడ మనిషి చెయ్యి మోటార్లో ఉంటుంది. పని అయిందని స్టేటస్ మారిస్తే తాళం విడిపోతుంది. ఈ సాఫ్ట్‌వేర్ మొత్తానికీ పెద్ద ఆయనే.

నేను చేరిన రోజున ఆయన బోర్డు ముందు నిలబడి గరిటెతో దాన్ని బాదుతున్నాడు. బోర్డు మీద ఒక టికెట్ రాసి ఉంది. దాని స్టేటస్ 'అండర్ అబ్జర్వేషన్'.

"ఇది బతికుండాదా, చచ్చిందా?"

సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, "అంటే అన్నా... చూస్తుండాం," అన్నాడు.

"చూస్తుండేది ఎవురు? పేరు చెప్పు! ఒక్క పేరు!"

పేరు లేదు. గరిటె రెండు ముక్కలైంది. ఒక ముక్క నా కాళ్ల దగ్గర పడింది. అప్పుడు నన్ను చూశాడు.

"నువ్వెవురు మే?"

"కొత్తగా చేరినాను సార్."

"సార్ ఏంది సార్, నేనేమన్నా ఎక్కాలు చెప్తుండానా? అన్నా అను. పో, కింద కొట్లో జిగురు ఉంటాది, పట్టుకరా."

నాకు అపాయింట్‌మెంట్ అదే.

అప్పట్లో మా టికెట్లకు పదమూడో పద్నాలుగో స్టేటస్‌లు ఉండేవి. అసైన్డ్, యాక్సెప్టెడ్, హోల్డ్, పార్షియల్ హోల్డ్, ఫిక్స్‌డ్, రిజాల్వ్‌డ్, కంప్లీటెడ్, కన్ఫర్మేషన్ పెండింగ్... అబ్బబ్బ! హైదరాబాదులో ఒక మేనేజరు ఉండేవాడు, మీటింగు పెట్టినప్పుడల్లా ఒకటి చేర్చేవాడు. ఫిక్స్‌డ్‌కీ రిజాల్వ్‌డ్‌కీ తేడా ఏమిటని అడిగితే ఆ మేనేజరుకే తెలియదు. వీటిలో దేనికి తాళం ఉంటుందో, దేనికి విడిపోతుందో మాలో ఒక్కరికీ పూర్తిగా తెలియదు. 'తగ్గిద్దాం సార్' అని ఈయన రాస్తూనే ఉన్నాడు. 'పరిశీలనలో ఉంది' అని అవతలినుంచి జవాబు వస్తూనే ఉంది. ఆ జవాబు వచ్చిన ప్రతిసారీ ఒక కీబోర్డు గోడకు తగిలేది.

ఆయనది గొర్రెలు కాసుకునే ఇల్లు, ఉదయగిరికి పైన పల్లె. కోపం కాస్త దిగినప్పుడు, అంటే అన్నం తినేటప్పుడు, ఆ సంగతి చెప్పేవాడు. "మా నాయన సాయంత్రం మందను దొడ్లోకి తోలి అడిగేది ఒకటే. వచ్చిందా, రాలేదా. 'వచ్చుండొచ్చు' అనే గొర్రె మా దొడ్లో లేదు మే. 'వచ్చుండొచ్చు' అన్నావంటే దాన్ని తోడేలు తినేసినట్టే. నేనొకసారి అట్టా అని, తాటిమట్టతో తన్నించుకున్నా." తన్నించుకున్న చోటు చూపించడానికి చొక్కా కూడా ఎత్తేవాడు, మేము వద్దంటున్నా వినకుండా.

నన్నెప్పుడూ కొట్టలేదు. నా చుట్టూ ఉన్నవన్నీ కొట్టాడు. ఒకసారి నేను ప్రోగ్రాములో చేసిన పొరపాటుకు స్టూలు ఎత్తి కిటికీలోకి విసిరాడు, కింద ఎరువుల కొట్టాయన రోడ్డు మీదికొచ్చి బూతులు. నేను ఏడుస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను, నా పిచ్చిగానీ. "ఏడ్చుకో. ఏడుస్తానే కొట్టు. కీబోర్డు మాత్రం తడపబాక, ఇది కొత్తది," అన్నాడు. ఏడుపు మధ్యలో నవ్వొచ్చి చచ్చాను.

ఇట్లా గడుస్తుండగా సీతారామపురం దగ్గర ఒక బావిలో మోటారు పట్టేసింది. మస్తానయ్య పోయాడు. టికెట్ తెరిచి ఉంది, తాళం పడి ఉంది. ఆ ధైర్యంతోనే బావి మెట్ల మీద కూర్చుని, ఇరుసు కదులుతుందేమోనని చేత్తో పట్టి తిప్పుతున్నాడు. ఇక్కడ ఆత్మకూరులో మా సూపర్‌వైజరుకు అదే పూట హైదరాబాదుతో మీటింగు. తెరిచి ఉన్న టికెట్లు ఎక్కువ కనబడితే చివాట్లు తప్పవని, ఉన్నవన్నిటినీ ఒక్క ఊపున 'కన్ఫర్మేషన్ పెండింగ్'లోకి తోసేశాడు. పెండింగ్ అని ఉంది కదా, తాళం అట్లాగే ఉంటుందిలే అనుకున్నాడు. ఉండలేదు. విడిపోయింది. 'మీ మోటారు సిద్ధం' అని రైతుకు మెసేజ్ పోయింది. ఆ రైతు ఎక్కడో పెళ్లి భోజనంలో ఉన్నాడు. కుడిచెయ్యి విస్తట్లో ఉందని ఎడమచేత్తో నొక్కాడు.

మస్తానయ్య కుడిచేతికి ఇప్పుడు బొటనవేలూ చిటికెనవేలూ మాత్రమే ఉన్నాయి.

మర్నాడు మస్తానయ్య బంధువులు కర్రలతో వచ్చారు. సూపర్‌వైజరు బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నాడు. మేమంతా టేబుళ్ల వెనక. ఈయన మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఇక్కడ ఎవరో ఒకరు శవమవుతారు అనుకున్నాను.

"తాళం తీసినోడు యాడుండాడు?" అని అరిచాడు మస్తానయ్య బామ్మర్ది.

"లోపలుండాడు. వాడి లెక్క నేను చూసుకుంటా. ముందు నన్ను కొట్టండి. ఆ స్టేటస్సులన్నీ ఉండనిచ్చినోడిని నేను. మెయిల్ రాసి కూర్చున్నా, చేతగానోడి మాదిరి."

బామ్మర్ది కొట్టాడు. ఒక్కటే దెబ్బ, కనుబొమ పైన చీలింది. ఆయన చెయ్యెత్తలేదు. దెబ్బ తిని ఊరుకోవడం ఆయన జన్మలో నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రక్తం చూసి వచ్చినవాళ్లే వెనక్కి తగ్గారు, వాళ్ల ఆడవాళ్లలో ఒకామె కొంగు చించి ఇవ్వబోయింది. తీసుకోలేదు. వాళ్లు మెట్లు దిగాక బాత్రూం తలుపు తన్ని తెరిచి, సూపర్‌వైజరును ఈడ్చి, గరిటె విరిగేదాకా కొట్టాడు. విరిగాక చేత్తో కొట్టాడు. మేము నలుగురం పట్టుకుంటే గానీ ఆగలేదు. ఆ సూపర్‌వైజరు మళ్లీ ఆత్మకూరు ముఖం చూడలేదు.

తర్వాత ఈయన కుర్చీలో కూర్చున్నాడు. రక్తం గడ్డం దాకా కారుతోంది. "మే, స్టేటస్సులు ఒక్కొక్కటే చదువు," అన్నాడు.

"కట్టు కట్టించుకో అన్నా."

"చదవమన్నానా!"

"అండర్ అబ్జర్వేషన్."

"చెయ్యి లోపలుండాదా, లేదా?"

"తెలియదన్నా."

"పీకు. తరవాత?"

"పార్షియల్ హోల్డ్."

"చెయ్యి సగం లోపలుంటాదా? పీకు."

"రిజాల్వ్‌డ్."

"ఎవురు తీసినారు చెయ్యి? దాంట్లో పేరుండాదా?"

"లేదు."

"పీకవతల."

అట్లా అన్నీ పీకించాడు. మిగిలినవి మూడు. అవి కూడా ఇంగ్లీషులో వద్దన్నాడు, మెకానిక్ నోట్లో ఏ మాట ఉంటే అదే తెర మీద ఉండాలన్నాడు. 'చెయ్యి పెట్టలేదు.' 'చెయ్యి లోపలుండాది.' 'చెయ్యి తీసినాను.' అంతే. లోపల ఉన్న చేతికి ఒక మనిషి పేరు ఉండి తీరాలి. తీశానని ఆ పేరుగలవాడే చెప్పాలి, చెయ్యి పెడుతున్నానని ఏ ఫోన్ నుంచి చెప్పాడో ఆ ఫోన్ నుంచే చెప్పాలి. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు ఆ మీట లేదు, ఆయనకు కూడా లేదు. ఒక్క ఊపున అన్నిటినీ తోసే సౌకర్యం అసలే లేదు.

"మరి ఇప్పుడు తెరిచి ఉన్న టికెట్లు ఎందులో పెట్టను?"

"అన్నిటికీ తాళం ఎయ్యి."

"అన్నా! రైతులు చంపేస్తారు. నీళ్లు కట్టుకునే టైము."

"చంపనీ. వేళ్లు పోవు గదా."

ఆ రోజంతా ఫోన్లో నేను తిన్న తిట్లు మా వంశంలో ఎవరూ తిని ఉండరు. మా అమ్మనీ, అమ్మమ్మనీ కూడా వదలలేదు. ఒక్కో మెకానిక్‌కూ ఫోన్ చేసి, 'నీ చెయ్యి ఎక్కడుంది' అని అడిగి, వాడి చేతే చెప్పించి, తాళాలు విడిపించాం.

హైదరాబాదు మేనేజరు ఊరుకుంటాడా? హోల్డ్ అనే స్టేటస్‌లో పెడితే ఆలస్యం కంపెనీ ఖాతాలో పడదు, అది పోయేసరికి ఆయన ప్రాణం పోయినట్టయింది. కారు వేసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. "ఇదేం భాషయ్యా, చెయ్యి లోపల, చెయ్యి బయట! అసహ్యంగా లేదూ? పాతవన్నీ సాయంత్రానికి పెట్టించు," అన్నాడు. ఈయన కొట్టలేదు. మర్యాదగా, "సైటు చూసి మాట్లాడుదాం రండి సార్," అన్నాడు. ఆ మర్యాద చూసే నాకు భయం పట్టుకుంది.

ఊరి బయట ఒక బావికి తీసుకుపోయాడు. నన్నూ, చేతికి కట్టుతో ఉన్న మస్తానయ్యనూ వెంట రమ్మన్నాడు. మోటారు దగ్గర వంగి చూడమని మేనేజరుకు చెప్పి, ఆయన వంగగానే మణికట్టు పట్టి చెయ్యి ఇరుసులోకి తోశాడు. గొర్రెను పట్టిన పట్టు అది, విడిపించుకోవడం ఎవరి తరం? ఫోన్ తీసి మస్తానయ్య ఎడమచేతిలో పెట్టాడు.

"చెప్పండి సార్. ఈ టికెట్ ఏ స్టేటస్సులో పెట్టమంటారు?"

"ఏయ్, వదులు! పోలీసుల్ని..."

"స్టేటస్ చెప్పండి."

"హో... హోల్డ్! హోల్డ్‌లో పెట్టు!"

"హోల్డ్‌లో మోటారు తిరుగుతాదా, తిరగదా?"

మేనేజరు నోరు తెరిచాడు. తెలిస్తే కదా!

"తెలవదా? నొక్కు మస్తానయ్యా."

మస్తానయ్య బొటనవేలు లేచింది. ఆ ముఖం చూస్తే నొక్కుతాడనే అనుకున్నాను. నేను కళ్లు మూసుకున్నాను. అప్పుడు మేనేజరు పెట్టిన కేక బావిలో మోగింది. "చెయ్యి లోపల ఉంది! నా చెయ్యి లోపల ఉంది!"

వదిలేశాడు. "భాష బాగనే వచ్చింది సార్ మీకు," అన్నాడు. మేనేజరు గట్టు మీద కూలబడి వాంతి చేసుకున్నాడు.

తిరిగి వస్తుంటే అడిగాను, ముందే కరెంటు ఫీజులు పీకి ఉంచావా అన్నా అని. లేదన్నాడు. "నా పేరున టికెట్ తెరిచినా. తాళం పడుండాది, వాడు నొక్కినా తిరగదు. ఫీజు పీకి పని చేసే జాతి కాదు మే మనది, ఎన్ని బోర్డులు రాసినా పీకం. నేనూ పీకను. అందుకే గదా తాళం చేసింది." ఆ మాట అంత గర్వంగా చెప్పాడు, నాకు కూడా నిజమే అనిపించింది.

కేసయింది. ఉద్యోగం పోయింది. మూడు స్టేటస్‌లు మాత్రం పోలేదు, ఎందుకంటే అవి తీసేస్తే బావిలోకి దిగేది లేదని మెకానిక్కులు ఒక్కమాట మీద కూర్చున్నారు. ఆయన గరిటె కూడా తీసుకోకుండా ఉదయగిరి వెళ్లిపోయి, గొర్రెలు కొనుక్కున్నాడు. చుట్టుపక్కల ఎవరి మోటారు చెడినా పోయి చేసేవాడట. ఎవడైనా మధ్యలో పలకరిస్తే పానా విసిరేవాడట.

నేను చేరేసరికి ఇంటి ముందు ఆయన్ని పడుకోబెట్టి ఉన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన చేతులు రెండూ ఊరికే ఉన్నాయి. అరచేతులు నల్లగా కాలి ఉన్నాయి. అటుపక్క వదిన, ఆయన భార్య, తన మరిదిని కొడుతోంది. ఈయనకు సొంత తమ్ముడు, ఉదయగిరిలో మాంసం కొట్టు. గుద్దుతోంది, రక్కుతోంది, చెప్పు తీసి ముఖం మీద కొడుతోంది. అతను అడ్డం కూడా పెట్టుకోవడం లేదు.

జరిగింది మస్తానయ్య చెప్పాడు. అన్నదమ్ములిద్దరి పొలం, ఇద్దరి మోటారు. పెట్టె మాదే. కేబుల్ కాలిపోయింది. ఫిర్యాదు ఇవ్వలేదు. ఇంట్లోనే ఇంత మొనగాడుంటే ఆఫీసుకు ఫోన్ చేసేదెవరు? ఆయన పోయి వైర్లు విప్పి జాయింటు వేస్తున్నాడు. ఆ పూట కరెంటు వంతు ముందే వచ్చింది. 'కరెంటు వచ్చింది' అని తమ్ముడి ఫోన్లో మెసేజ్. కొట్లో కత్తి కింద పెట్టి, రోజూ నొక్కినట్టే నొక్కాడు.

టికెట్ లేదు కాబట్టి తాళం లేదు. తెరుద్దామన్నా ఆయన పేరున టికెట్ తెరుచుకోదు. మెకానిక్ పేరు పక్కన ఉద్యోగి నంబరు అడిగే గడి ఒకటుంది, అది నింపకపోతే ముందుకు పోదు. ఉద్యోగం పీకినప్పుడు ఆ నంబరూ పీకేశారు.

"ఫీజు పీకుంటే నీ సొమ్మేం పోయింది రా!" అని మస్తానయ్య శవం మీదికి వంగి అరుస్తున్నాడు. నాక్కూడా అంతే కోపం వచ్చింది. చచ్చినవాణ్ణి లేపి కొట్టాలన్నంత కోపం.

తమ్ముడు నన్ను గుర్తుపట్టాడు. చెంప మీద రక్తం. "నువ్వు ఆఫీసు అమ్మాయివి గదా. ఊళ్లో ఎవుడు నొక్కినా నీకు తెలుస్తాది. అన్న పనిలో ఉండాడని నాకెట్టా తెలియాల మే? నాకెవురు చెప్పాల?"

వదిన చెయ్యి గాల్లోనే ఆగింది. చెప్పు కింద పడేసి ఆమె అక్కడే కూలబడింది.

ఆత్మకూరు వచ్చి ఆ ఉద్యోగి నంబరు గడి పీకేశాను. ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు జీతగాడైనా కాకపోయినా, తాత అయినా తమ్ముడైనా, ఫలానా మోటార్లో చెయ్యి పెడుతున్నానని ఫోన్ చేస్తే చాలు, ఆ పేరున తాళం పడుతుంది. మార్పుకు అనుమతి ఇచ్చినది ఎవరు అనే చోట ఆయన పేరు రాశాను. హైదరాబాదు నుంచి అదే మేనేజరు ఫోన్. చనిపోయిన మనిషి పేరు ఎట్లా చెల్లుతుంది, సాయంత్రానికి గడి మళ్లీ పెట్టకపోతే నీ ఉద్యోగం కూడా చూసుకో అన్నాడు. "నేను పెట్టను సార్. మీరు వచ్చి పెట్టుకోండి," అని ఫోన్ టేబుల్‌కేసి కొట్టాను.

కర్మలు అయ్యాక ఒక పొద్దున ఆఫీసు ఫోన్ మోగింది. ఆ తమ్ముడు.

"మే, నేను. పైరు ఎండిపోతుండాది. అన్న సగం ఏసిన జాయింటు అట్టనే ఉండాది. ఎవుర్ని పిలిచినా ఆ మోటారు ముట్టేది లేదంటుండారు. నేనే ఏస్తా."

"చెయ్యి పెడుతున్నావా?"

"పెడుతుండా."

అతని పేరునే టికెట్ తెరిచాను. "పడింది తాళం. ఫీజులు కూడా పీకు."

"పీకినా. జేబులో ఉండాయి." జేబు తట్టుకున్న చప్పుడు వినబడింది. "మే, ఇంకోసారి చూడు. నిజంగా పడిందా?"

"పడిందన్నా."

"నా ఫోను ఇంట్లో వదినకిచ్చి వచ్చినా. ఇది పక్కపొలమాయనది. వదినను నొక్కమంటా, తిరగదు గదా?"

"తిరగదు. నొక్కమను."

దూరంగా ఎవరినో కేకేసి, ఇంటికి ఫోన్ చేయించాడు. నా తెర మీద ఎర్ర గీత మెరిసింది. ఎవరో నొక్కారు. మళ్లీ నొక్కారు. మళ్లీ, మళ్లీ, ఆమె నొక్కుతూనే ఉంది. మోటారు తిరగలేదు. అవతల ఆ మగమనిషి బావురుమని ఏడ్చాడు.

"ఇంక చెయ్యి పెట్టన్నా," అన్నాను. అతను చెయ్యి తీశానని చెప్పేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.